బట్టీ ఇసుక

బయమ్మ బట్టీలో ఇసుకను బయమ్మ తప్ప ఇంకొకరు జల్లించడానికి వీల్లేదు. బొరుగులు ఎవరైనా వేయించవచ్చు, మూటలు ఎవరైనా కట్టవచ్చు, కొలిచి అమ్మవచ్చు. సాయంత్రం పొయ్యి చల్లారాక ఇసుకను జల్లెడ పట్టి, మాడిపోయిన గింజల్ని ఏరి, తొట్టిలో పోసి గోతం కప్పడం మాత్రం ఆమె చేతిమీదుగానే జరగాలి. బుక్కరాయసముద్రంలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. "బయమ్మకు ఒకతే కూతురనుకుంటారు గానీ ఇద్దరప్పా. ఒకతి బెళుగుప్పలో అత్తగారింట్లో ఉండాది, ఇంకొకతి తొట్టిలో పండుకోనుండాది" అని హోటల్ శ్రీరంగప్ప వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు.

ఆ మాటకు బయమ్మకు కోపం వచ్చేది కాదు. నిజానికి కూతుర్ని పెంచడం కంటే ఆ ఇసుకను పెంచడమే ఆమెకు ఎక్కువ కష్టమైంది.

యాభై రెండు కరువులో ఆమె మొగుడు తిమ్మప్ప తుంగభద్ర కాలువ పనులకని కూలీల గుంపుతో బయలుదేరాడు. వానలు పడగానే వస్తానన్నాడు. వానలు పడ్డాయి, అతను రాలేదు. గుంపులోని మనిషొకడు అతని కంబళి తెచ్చి ఇచ్చి, జ్వరం వచ్చి పోయినాడని చెప్పి, గడప దగ్గరనుంచే వెళ్లిపోయాడు. అప్పటినుంచి ఎవరైనా చెప్పులు తొడుక్కుని "పోయొస్తా" అంటే బయమ్మ మొహం తిప్పుకునేది. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూసేది కాదు. లోపలికి వెళ్లి ఏదో ఒక పని పెట్టుకునేది.

ఉన్నది వానను నమ్ముకున్న మెట్టచేను. కూతురు నారాయణమ్మ అప్పటికింకా చిన్నపిల్ల. బయమ్మ అనంతపురంలో ఒక బొరుగుల బట్టీలో కూలికి చేరింది. పొయ్యిలోకి వేరుశనగ పొట్టు వేయడం ఆమె పని. పిడికెడు పిడికెడుగా, చెయ్యి ఆగకుండా వేస్తుంటేనే మంట నిలుస్తుంది. పొయ్యి మీద పెద్ద బాణలి నిండా ఇసుక. అది బాగా కాగాక, ఉప్పునీళ్లు పట్టించిన ఉప్పుడు బియ్యం గుప్పెడు వేసి పుల్లల కట్టతో గిరగిరా తిప్పితే గింజలన్నీ ఒక్కసారిగా ఉబ్బి పైకి లేస్తాయి. రెప్పపాటు ఆలస్యమైతే మాడతాయి. పొట్టు వేస్తూనే ఆమె అదంతా కళ్లతో నేర్చుకుంది.

సొంతంగా బట్టీ పెట్టుకుంటానని, ఒక గంపెడు పాత ఇసుక ఇప్పించమని అడిగినప్పుడు ఆ యజమాని నవ్వాడు. "పాత చీర అడుగు, ఇస్తా. పండక్కి పప్పూ బెల్లం అడుగు, ఇస్తా. ఇసుక అడిగితే మాత్రం నా నోట్లో కూడు అడిగినట్లే. ఏట్లో కావలసినంత ఉండాది, పోయి తెచ్చుకో" అన్నాడు.

ఆమె తెచ్చుకుంది. చెరువు నీళ్లలో కడిగి, ఎండబెట్టి, పెరట్లో పొయ్యి కట్టి మొదటి బొరుగులు వేయించింది. చూడటానికి బాగానే ఉన్నాయి. మూట కట్టి శ్రీరంగప్ప హోటల్‌కు వేసింది. మరునాడు ఆయన ఆ బొరుగులతో చేసిన ఉగ్గాని తానే నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని, నమలడం ఆపి, బయటికి వెళ్లి ఉమ్మివచ్చాడు. "బయమ్మా, ఇది ఉగ్గాని కాదు తల్లీ, రోడ్డు పని" అన్నాడు. హోటల్లో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. ఆమె మూట నెత్తిన పెట్టుకుని తలెత్తుకునే ఇంటికి వచ్చింది గానీ, ఇంటికి వచ్చాక చాలాసేపు లేవలేదు.

కొత్త ఇసుక గింజను పట్టుకుంటుంది, వదలదు. ఎన్నెన్నోసార్లు కాలి, గింజల్లోని సారం తాగి, నల్లబడి నున్నబడితేనే అది బొరుగును అంటకుండా వదిలేస్తుంది. ఆ సంగతి అర్థమయ్యాక బయమ్మ నెలల తరబడి ఉత్త ఇసుకనే వేయించింది. పొద్దున కూలికి పోయి, మధ్యాహ్నం వచ్చి, పొయ్యి రాజేసి, నూకలూ తాలు గింజలూ వేసి మాడ్చి, జల్లించి, మళ్లీ మాడ్చేది. మొగుడు పోయిన దిగులు తలకెక్కి ఇసుక వేయిస్తాందని వీధిలో చెప్పుకున్నారు. చెప్పుకోనీ అనుకుంది. నారాయణమ్మ మాత్రం ఒకరోజు, "అమ్మా, ఇసుక ఎప్పుడు ఉడుకుతాది?" అని అడిగితే బయమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఏడాది తిరిగేసరికి ఇసుక ఉడికింది. శ్రీరంగప్ప ఈసారి గుప్పెడు నమిలి, ఇంకో గుప్పెడు తీసుకుని, లోపలికి వెళ్లి ఖాళీ గోతాలు తెచ్చి ఇచ్చాడు. ఆయనకు తెలిసిన మెప్పు అదే.

అక్కడినుంచి బయమ్మ ఒక్కొక్కటీ దెబ్బ తిని నేర్చుకుంది. కొత్త వడ్లకంటే ఏడాది నిలవున్న వడ్లు బాగా ఉబ్బుతాయని నేర్చుకుంది. చెరువు ఎండిన ఏడాది వడ్ల కోసం కాలువ కింది ఊళ్లకు పోవాలంటే, చెరువు నిండిన ఏడాదే ఆ ఊళ్లవాళ్లతో మాట కలిపి ఉండాలని నేర్చుకుంది. అనంతపురం అంగళ్లు, చుట్టుపక్కల సంతలు, జాతరలు, అన్నింటికీ ఆమె మూటలు పోయేవి. ఒకప్పుడు ఇసుక లేదన్న యజమాని బట్టీ పక్క వీధిలోనే ఆమె బొరుగులు అమ్మేవాళ్లు. ఆ వీధిలో నడిచేటప్పుడు బయమ్మ అడుగు కొంచెం నిదానమయ్యేది.

మారెక్క వచ్చింది యాభై ఏడులో. చెరువు కింద వరి కోతలకు కుందుర్పి వైపునుంచి వచ్చిన గుంపులో మనిషి. కోతలయ్యాక గుంపు వెళ్లింది, ఆమె బయమ్మ బట్టీలో పనికి ఉండిపోయింది. మొగుడు ఇంకొకతెను తెచ్చుకున్నాడని, ఆ ఇంట్లో ముగ్గురికి చోటు చాలదని, అందుకని తానే పెద్దమనసు చేసుకుని వచ్చేసినానని నవ్వుతూ చెప్పేది. బయమ్మను వదినా అని పిలిచేది. నోరు దురుసైనా చేతిలో నేర్పుంది. కాగిన ఇసుకలో ఒక్క గింజ వేసి చూసి, "ఊ, ఇప్పుడు" అనేది. ఆ ఊ ఎన్నడూ తప్పలేదు. పండక్కి కూడా ఊరికి పోనని ఆమె అన్నప్పుడు బయమ్మ పైకి తిట్టింది, లోపల మాత్రం హాయిగా నిద్రపోయింది.

యాభై తొమ్మిదిలో నారాయణమ్మ పెళ్లయి వెళ్లింది. ఇల్లు బోసిపోయింది. ఆ బోసితనాన్ని పనితో నింపుదామనుకుందో ఏమో, బయమ్మ రెండో పొయ్యి కట్టించింది. జాతరకు పెద్ద బేరం ఒప్పుకుంది. ఇసుక ఎలా అంటే, ఉన్నదాన్ని రెండు పాళ్లు చేసి, తక్కువైనంత కొత్త ఇసుక రెండింటిలోనూ పోసింది. వద్దు వదినా అని మారెక్క అనబోతే, బట్టీ నీదా నాదా అంది.

రెండు పొయ్యిలూ మొండికేశాయి. ఏ బాణలిలో వేయించినా బొరుగులకు ఇసుక అంటుకుంది. జాతరకు చెప్పిన మూటలు పోలేదు. శ్రీరంగప్ప కూడా ఆ వేసవంతా ఇంకొకచోట కొన్నాడు. ఆమె ఒక బాణలికి పట్టినంత ఇసుకను మాత్రమే తిరిగి చేర్చి, మొదటిలాగే మాడ్చుకుంటూ కూర్చుంటే వానాకాలానికి గానీ దారికి రాలేదు. మిగిలినదాన్ని వంకలో పారబోసింది. రెండో పొయ్యి పెరట్లో అలాగే ఉండిపోయింది. కోళ్లు దానిలో గుడ్లు పెట్టేవి. ఆ తరువాత ఎంత పెద్ద బేరం వచ్చినా బయమ్మ, ఒక పొయ్యికి ఎంతవుతుందో అంతే, అనేది. కొత్త ఇసుక పేరెత్తనిచ్చేది కాదు.

అందుకే అరవై రెండులో, ఉగాది దాటిన ఎండల్లో ఒక సాయంత్రం, ఇసుక ఎత్తుకు తొట్టి మీద గోతం సరిగా కప్పుకోకపోయేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. జల్లించేటప్పుడూ ఎత్తిపోసేటప్పుడూ రోజూ కొంచెం ఇసుక రాలిపోతూనే ఉంటుంది. కొత్తది కలపనప్పుడు తొట్టిలోది తగ్గాలి. ఇది తగ్గలేదు, పెరిగింది. చెయ్యి పెట్టి చూసింది. నలుపూ నునుపూ అలాగే ఉన్నాయి. కానీ కూతురు ఒళ్లు చేసిందో లేదో తల్లికి తెలియదా?

మరునాడు తెల్లవారుతుండగా పొట్టు కుప్ప చాటున నిలబడి చూసింది. మారెక్క పొయ్యి రాజేసి, ఇసుక పోసి, అటూ ఇటూ చూసి, కొంగుముడి విప్పి పిడికెడు తెల్ల ఇసుక బాణలిలో చల్లి కలిపేసింది.

బయమ్మ నెత్తిన పిడుగు పడింది. పట్నం బట్టీవాళ్లు ఈమెను కొనేశారనుకుంది. ఇంకొకరైతే అక్కడే జుట్టు పట్టుకునేవాళ్లు. బయమ్మ చప్పుడు కాకుండా వెనక్కి వెళ్లిపోయింది. అడిగితే మారెక్క పోతుంది, అడగకపోతే ఇసుక పోతుంది. ఏది పోతే ఎక్కువ బాధో ఆమెకే తెలియలేదు. ఆ రోజునుంచి వేయించే పని తాను తీసుకుని మారెక్కను పొట్టు వేయమంది. ఎప్పుడూ వాగే మనిషి పెదవి విప్పకుండా పొట్టు వేస్తుంటే బయమ్మకు ఇంకా మండింది. చివరికి ఒక పొద్దున నడి పనిలో అనేసింది.

"ఏమే మారీ, నా ఇసుకలో మట్టి కలపమని నీకు ఎవరు చెప్పినారు?"

మారెక్క చెయ్యి ఆపలేదు. ఆపితే మంట పడిపోతుంది. "ఎవరూ చెప్పలేదు వదినా. నేనే కలిపినా."

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండో పొయ్యిలో కోళ్లు చేరినప్పటి నుంచి."

బయమ్మ చేతిలో పుల్లల కట్ట అలాగే నిలిచిపోయింది. బాణలిలో మాడువాసన లేచింది. మారెక్క గబుక్కున లేచి ఆ కట్ట లాక్కుని, మాడుతున్న గింజల్ని జల్లెట్లోకి తోసింది. అప్పుడు గానీ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఇన్నేండ్లలో ఒక్క బొరుగన్నా చెడిందా చెప్పు" అంది మారెక్క. "నువ్వు ఒక్కసారి గంపలు గంపలు పోస్తివి, అది తిరగబడె. నేను పొద్దుకు పిడికెడు ఏస్తి. పాతదానికి తెలీకుండానే కొత్తది దాంట్లో కలిసిపాయ. పెండ్లికూతుర్ని ఇంట్లోకి తెచ్చుకున్నట్ల తెచ్చుకోవల్ల గానీ, దండును తెచ్చి దింపినట్ల కాదు."

"నన్ను అడక్కుండా ఎందుకు చేసినావు?"

మారెక్క జల్లెడ కింద పెట్టింది. కుందుర్పిలో ముసలితల్లి ఒంటరిగా ఉందని చెప్పింది. అక్కడ బట్టీ లేదని, కల్యాణదుర్గం నుంచి వచ్చే బొరుగులు దారిలోనే మెత్తబడి గుడ్డ నమిలినట్టు ఉంటాయని చెప్పింది. అక్కడ పొయ్యి పెట్టుకోవాలని తనకు ఎప్పటినుంచో ఉంది. "ఇసుక అడిగితే నోట్లో కూడు అడిగినట్లని పట్నం ఆయప్ప మాట నువ్వే ఎన్నిసార్లు చెప్తివి. నీతో ఆ మాట అనిపించడం నాకు ఇష్టం లేకపాయ. అందుకే నా పాలు నేను పెంచుకుంటి."

"ఐతే ఏరుకో నీ పాలు" అంది బయమ్మ.

"యాడ ఏరేది వదినా? అంతా నీ ఇసుకే అయిపాయ గదా" అని మారెక్క నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం బయమ్మ ఇసుకను చాలా నిదానంగా జల్లించింది. తొట్టి అంచుదాకా ఉంది. కొలిచి చూడనక్కర్లేదు, రెండు పొయ్యిలకు సరిపోతుంది. తాను ఒక్కరోజులో చేయబోయి చెడగొట్టుకున్న పనిని ఈ మనిషి సంవత్సరాలు పట్టి, నోరు మెదపకుండా చేసిపెట్టింది. కోళ్లను తోలేసి రెండో పొయ్యి రేపే వెలిగించవచ్చు. జాతరల బేరాలన్నీ మళ్లీ ఒప్పుకోవచ్చు.

పొద్దున మారెక్కను పిలిచి, రెండో పొయ్యి నీది, దాని మీద వచ్చింది నీదే, ఇక్కడే ఉండిపో అంది. అడిగినట్టు కాకుండా ఆజ్ఞ ఇచ్చినట్టు అనాలని చూసింది గానీ బతిమాలినట్టే వచ్చింది. మారెక్క, అది ఎన్నాళ్లున్నా నీ పెరట్లో పొయ్యే వదినా అంది. మళ్లీ తానే ఒక దారి చెప్పింది. కుందుర్పిలో బట్టీని బయమ్మ పేరుతోనే పెడుతుందట. వచ్చినదాంట్లో సగం బస్సులో పంపుతుందట. పోయినట్టూ ఉండదు, వదిలినట్టూ ఉండదు.

బయమ్మ వడ్ల మూట మీద కూర్చుంది. ఇంతవరకూ తన గడప దాటినవాళ్లను ఒక్కొక్కరినీ తలుచుకుంది. తిమ్మప్ప ఏమీ లేక పోయాడు. నారాయణమ్మను తీసుకుపోయేవాళ్లు వచ్చి తీసుకుపోయారు. తన దగ్గర నేర్చిన పనిని చేతపట్టుకుని, తన కాళ్ల మీద తాను పోతానంటున్న మనిషి ఈమే మొదటిది. దిగులు పడాలో మురిసిపోవాలో తెలియక ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. పట్నం యజమాని దగ్గర పనిచేసి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో బట్టీ పెట్టింది తానొక్కతే, అదీ ఆయన కాదన్నందుకు. తన దగ్గర చేసిన మనిషి బట్టీ పెడితే అది తాను అవునన్నందుకు కావాలి.

"నా పేరు వద్దు" అంది. "నా పేరు పెడితే, బొరుగులు చెడినప్పుడు నన్ను తిట్టుకుంటావు, బాగున్నప్పుడు నీకు పేరుండదు. సగం గిగం వద్దు. నీ బట్టీ నీది. గంపలు తీసుకురా."

ఇద్దరూ తొట్టి పక్కన కూర్చుని ఒక గంప అటు, ఒక గంప ఇటు పోశారు. చివర మిగిలిన అరగంపను బయమ్మ మారెక్క వైపు తోసింది. కొత్తచోట కొంత నేలపాలవుతుంది, నాకు ఇక్కడ అలవాటైన పొయ్యి, అని ఏదో సర్దిచెప్పింది.

బస్సు టాపు మీద గోతాలు ఎక్కిస్తుంటే కండక్టర్ ఒకదాన్ని తడిమి చూసి తెల్లబోయాడు. "ఏమమ్మా, కుందుర్పిలో ఇసుక లేదా?" అన్నాడు. "ఇట్లాంటిది లేదప్పా, జాగ్రత్తగా ఎత్తు" అంది బయమ్మ. తాను కూడా బస్సెక్కింది. పొయ్యి కట్టించేదాకా ఉండి వస్తానంది. శ్రీరంగప్పకు అన్ని రోజులకూ సరిపడా మూటలు ముందే వేసింది.

కుందుర్పిలో సంతకు పోయే దారి పక్కన పొయ్యి కట్టారు. సంతరోజు పొద్దున్నే మారెక్క బాణలి ముందు కూర్చుంది. బయమ్మ చెయ్యి పుల్లల కట్ట వైపు దానంతటదే పోయింది. పోయిన చేతిని వెనక్కి తీసుకుని, పొయ్యికి ఎదురుగా వెళ్లి పొట్టు కుప్ప పక్కన చతికిలబడింది. పిడికెడు పిడికెడుగా, ఆగకుండా, ఇన్నేళ్ల తరువాత మళ్లీ పొట్టు వేసింది. మారెక్క ఒక గింజ వేసి చూసింది. "ఊ, ఇప్పుడు" అంది. బాణలి నిండా బొరుగులు లేచాయి.

నాగప్ప అనే పెద్దాయన సంతకు గొర్రెల్ని తోలుకుపోతూ ఆగాడు. గుప్పెడు నోట్లో వేసుకుని కళ్లు మూసి నమిలాడు. పళ్ల కింద ఏమైనా తగులుతుందేమోనని బయమ్మ ఆయన దవడ వైపే చూస్తూ ఉంది. ఏమీ తగల్లేదు. "కరకరలాడ్తాండాయి. ఎవరివమ్మా ఈ బొరుగులు?" అని ఆయన వయసులో పెద్దదని బయమ్మనే అడిగాడు.

"మారెక్కవి. నేను పొట్టు ఏసే కూలిదాన్ని" అంది బయమ్మ.

మారెక్క తల వంచుకుని కట్ట ఇంకా గట్టిగా తిప్పింది. బుక్కరాయసముద్రం బొరుగులు కూడా ఇంత బాగుండవని నాగప్ప మెచ్చుకున్నాడు. బయమ్మ ఒక పిడికెడు పొట్టు ఎక్కువే వేసి, "ఆ మాట మాత్రం అబద్ధం పెద్దాయనా" అంది.

మధ్యాహ్నం బస్సు అదే దారిలో వచ్చి ఆగింది. బట్టీ ముందు అప్పటికే గంపలూ సంచులూ పట్టుకుని సంత జనం నిలబడి ఉన్నారు. మారెక్క తల్లి పొట్టు దగ్గర కూర్చుంది. బయమ్మ "పోయొస్తా" అంది. ఆ మాట తన నోటినుంచి తానే విని కొంచెం ఉలికిపడింది. మారెక్క లేవబోతే, "ఇసుక కాగుండాది, కూర్చో" అని గదిమింది.

కిటికీ పక్కన కూర్చున్నాక చెప్పాల్సినవన్నీ గుర్తొచ్చాయి. వాన వస్తే తొట్టి లోపలికి జరపమని, వడ్లు ఏడాది నిలవ చేసినవే కొనమని, ఎంత బేరం వచ్చినా ఒక్కసారిగా పెంచవద్దని. తల బయటపెట్టి పిలిచింది. బస్సు మోతకు మారెక్కకు వినబడలేదు. ఆమె ఎవరికో కొలిచి పోస్తోంది. కొలత నిండాక పైన ఇంకో గుప్పెడు వేసి, పక్కామెతో ఏదో అని నవ్వించి, మళ్లీ బాణలి వైపు తిరిగింది. బస్సు కదిలినా ఇటు చూడలేదు.

చూసి ఉంటే బయమ్మ తిట్టేది. బేరం ముందు పెట్టుకుని దారి వైపు చూసేది ఏం బట్టీ? మలుపు తిరిగేదాకా ఆమె మాత్రం మెడ తిప్పకుండా చూస్తూనే ఉంది. పొగ కనిపించినంత దూరం పొగను చూసింది.